అమెరికా ప్యాకెట్, శ్రీకాకుళం పిల్లి

ప్రశ్న క్లుప్తంగా: "మా తమ్ముడు డల్లాస్ నుంచి వస్తూ మా పిల్లి కోసం ఫ్రీజ్ డ్రైడ్ రా ఫుడ్, అంటే గడ్డకట్టించి ఎండబెట్టిన పచ్చి మాంసం, రెండు ప్యాకెట్లు తెచ్చాడు. ఒక్కోటి 340 గ్రాములు, చికెన్‌ది. మాది రెండేళ్ళ గండుపిల్లి. ఆపరేషన్ చేయించాం, నాలుగు కిలోలు ఉంటుంది, ఇల్లు దాటి వెళ్ళదు. ఇన్నాళ్ళూ డ్రై ఫుడ్డే పెట్టాం. ఇది మంచిదైతే పూర్తిగా దీనికే మార్చేద్దామనుకుంటున్నాం. పొడిగా పెట్టాలా, నీళ్ళు కలపాలా? ఉడికిస్తే పోషకాలన్నీ పోతాయంటున్నారు, నిజమేనా? పిల్లి ఎలకని పచ్చిగానే తింటుంది కదా అని తమ్ముడి వాదన. ఒక ప్యాకెట్ తెరిచి మూడు వారాలైంది. ఇంట్లో మా వదినకి ఐదో నెల, నాన్నగారికి షుగరు. మేం ఉండేది శ్రీకాకుళం."

అమ్మా, మీరు చివర్లో మాటవరసకి రాసిన సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. వదినకి ఐదో నెల, నాన్నగారికి షుగరు. అందుకని ముందు జవాబు చెప్పేసి కారణాలు తర్వాత చెప్తాను. మీ ఇంట్లో ఈ తిండి పచ్చిగా పెట్టొద్దు. పూర్తిగా దీనికి మార్చొద్దు కూడా. అలాగని తమ్ముడు మోసుకొచ్చినదాన్ని పారెయ్యక్కర్లేదు. నీళ్ళు పోసి ఉడికించి, రోజూ తినే డ్రై ఫుడ్ మీద కొంచెం వేసి పెట్టండి. తెరిచిన ప్యాకెట్ సంగతి వేరు, దాని దగ్గరికి వస్తాను.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఆవులు, గేదెలు, మేకలు, కోళ్ళతోనే గడిచింది. పిల్లిని బుట్టలో పెట్టుకుని ఆస్పత్రికి వచ్చేవాళ్ళని చూడటం మొదలైంది ఉద్యోగం చివరి రోజుల్లోనే. ఇప్పుడు విజయనగరంలో మా ఇంట్లో మూడు పిల్లులున్నాయి, నన్ను పెంచుతున్నాయి.

ఫ్రీజ్ డ్రైడ్ అనే మాట వినగానే నాకు గుర్తొచ్చేది పిల్లి తిండి కాదు, కోళ్ళ టీకా. టెక్కలి దగ్గర ఒక ఊళ్ళో, చాలా ఏళ్ళ కిందటి మాట. నాటుకోళ్ళకి కొక్కెర తెగులు టీకాలు వెయ్యడానికి వెళ్ళాం. ఆ మందు చిన్న గాజు సీసా అడుగున తెల్లటి ఉండలా ఉంటుంది. ఐసు వేసిన ఫ్లాస్కులోంచి తీసి, సెలైన్ కలిపి, కోడి రెక్క దగ్గర చర్మం కింద పొడుస్తాం. గంప కింద కోళ్ళని మూసిపెట్టుకుని కూచున్న ఒక ముసలమ్మ ఆ సీసా చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, "ఇది ఎండిపోనాది కదేటి బాబూ, ఇంకేటి పనిచేస్తాది?" అంది. "ఎండింది గానీ చావలేదు మామ్మా, నీళ్ళు తగిల్తే లేస్తుంది" అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు, కోళ్ళని మాత్రం ఇచ్చింది.

మీ ప్రశ్నకి జవాబంతా ఆ సీసాలో ఉంది. కొక్కెర తెగులు టీకాలో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. మేకలకి పారుడు రోగం రాకుండా వేసే టీకా కూడా అంతే. వాటిని నెలల తరబడి బతికించి ఉంచడానికి వాడే పద్ధతే ఈ ఫ్రీజ్ డ్రైయింగ్. ముందు గట్టిగా గడ్డకట్టిస్తారు. తర్వాత ఒక గదిలో పెట్టి గాలి మొత్తం లాగేస్తారు. అప్పుడు మంచు కరిగి నీరవకుండానే నేరుగా ఆవిరైపోతుంది. డబ్బాలో పెట్టిన హారతి కర్పూరం కరక్కుండానే తరిగిపోతుంది చూడండి, అలాగ. ఎక్కడా వేడి దెబ్బ తగలదు కాబట్టి మాంసం ముక్క ఆకారం, వాసన, విటమిన్లు చాలావరకు నిలుస్తాయి. ఎండలో పెట్టిన ఒడియంలా ముడుచుకుపోకుండా మురీ గింజలా తేలిగ్గా, బోలుగా తయారవుతుంది. పిల్లులు దానికోసం పడి చావడానికి కారణం కూడా ఆ వాసనే.

అయితే వేడి తగల్లేదు కాబట్టి ఆ మాంసం మీద ఉన్న క్రిములకీ పెద్దగా ఏమీ కాదు. సాల్మొనెల్లా, లిస్టీరియా, ఈ.కోలై లాంటివి అందులో కొన్ని చచ్చినా మిగిలినవి నిద్రలో ఉంటాయి. గోరువెచ్చటి నీళ్ళు పొయ్యగానే వాటికి తెల్లారుతుంది. ప్యాకెట్ మీద రా అని రాశారంటే అది పచ్చి మాంసమే. చేతికి పొడిగా తగులుతుంది కాబట్టి మనకి బిస్కెట్‌లా అనిపిస్తుంది, చెయ్యి కడుక్కోకుండా అదే చేత్తో ఇంకో పని చేస్తాం. అసలు ప్రమాదం ఆ భ్రమలోనే ఉంది. పచ్చి కోడిమాంసం ముట్టుకుని చెయ్యి కడుక్కోనివాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరూ ఉండరు కదా.

లెక్క కావాలంటే ఒకటి చెప్తాను. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2010 నుంచి 2012 వరకు కుక్కలు, పిల్లుల తిండి నమూనాలు పరీక్ష చేయించింది. పచ్చి మాంసంతో చేసినవి 196 ఉంటే వాటిలో 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా మోనోసైటోజెనీస్ దొరికాయి. అవి ఎక్కువగా గడ్డకట్టించి అమ్మే రకం. కానీ ఎండబెట్టే రకానికి వాడేదీ ఆ పచ్చి మాంసమే. అమెరికా పశువైద్యుల సంఘం, ప్రపంచ చిన్న జంతువుల పశువైద్యుల సంఘం పచ్చి తిండి వద్దని చెప్పేది ఇందుకే. కొన్ని కంపెనీలు మాంసాన్ని ముందు హై ప్రెషర్ ప్రాసెసింగ్ చేస్తాయి. అంటే సముద్రంలో అత్యంత లోతైన చోట ఉండే ఒత్తిడికి ఐదు రెట్లకు పైగా ఒత్తిడి పెట్టి క్రిముల్ని నలిపేస్తారు. అలా చేసినట్టు మీ ప్యాకెట్ మీద రాసి ఉంటే కొంత నయం. క్రిముల సంఖ్య బాగా తగ్గుతుంది, సున్నా అవుతుందని మాత్రం అనుకోకండి.

ఇక మీ ఇంటి సంగతి. గర్భిణులకి లిస్టీరియా చాలా చెడ్డది. తల్లికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది గానీ గర్భం పోవచ్చు, పుట్టే బిడ్డకి ప్రాణం మీదికి రావచ్చు. పైగా అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరిగే మొండి జాతి. షుగరు ఉన్నవాళ్ళకి ఏ ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఒకపట్టాన లొంగదు. పిల్లి పైకి హుషారుగానే ఉండొచ్చు, కానీ వారాల తరబడి మలంలో సాల్మొనెల్లా విడుస్తూ ఉంటుంది. అదే నాలుకతో ఒళ్ళంతా నాక్కుంటుంది, వచ్చి నాన్నగారి ఒళ్ళో పడుకుంటుంది.

ఈ మాట విని పెద్దవాళ్ళెవరైనా "అయితే పిల్లిని ఎక్కడైనా వదిలేసి రండి" అంటారేమో. అలా చెయ్యకండి. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి ఉండకూడదనేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించిన భయం. అది ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఉడకని మాంసం వల్ల, సరిగ్గా కడగని కూరగాయల వల్ల, మట్టి వల్ల. పిల్లి మలంలో అది పడినా అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి లిట్టర్ డబ్బా వదిన ముట్టుకోకుండా ఇంకెవరైనా రోజూ తప్పకుండా శుభ్రం చేస్తే చాలు. బయట తిరగని, ఎలకల్ని పట్టని, పచ్చి మాంసం తినని పిల్లితో ఆ భయం చాలా తక్కువ. అందులో మొదటి రెండూ మీకు ఇప్పటికే ఉన్నాయి.

తమ్ముడి ఎలక వాదన. నిజమే, పిల్లి ఎలకని పచ్చిగానే తింటుంది. కానీ అది అప్పుడే చంపిన ఎలక. గిన్నెలో పెట్టి గంట ఆగి తినదు. బొమికతో, కార్జంతో, పేగులతో సహా తింటుంది కాబట్టి కాల్షియం నుంచి విటమిన్ల దాకా అన్నీ అందులోనే దొరుకుతాయి. ఫ్యాక్టరీలో కైమా చేసిన మాంసం అలా కాదు. ఎన్నో కోళ్ళ మాంసం ఒకచోట కలుస్తుంది, ఒక్క కోడి మీద ఉన్న క్రిమి మొత్తం రాశికి అంటుకుంటుంది. అన్నిటికీ మించి, ఎలకని మనం వంటింటి గట్టు మీద పెట్టి చెంచాతో కొలిచి వడ్డించం. పైగా ఎలకలు తినే పిల్లులకి ఏమీ రాదని ఎవరన్నారు? పురుగులు, టాక్సోప్లాస్మా వచ్చేది అక్కడినుంచే. పల్లెల్లో పిల్లులు పదిహేనేళ్ళు బతకడం నేనెక్కడా చూడలేదు.

బర్డ్ ఫ్లూ గురించి మీరు అడగలేదు గానీ చికెన్ ప్యాకెట్ కాబట్టి చెప్పాలి. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఇల్లు దాటి బయటికి వెళ్ళని ఒక పిల్లి హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయింది. అది తిన్న గడ్డకట్టించిన పచ్చి టర్కీ మాంసంలో అదే వైరస్ దొరికింది. ఇది అక్కడి గొడవ, మనకెందుకు అనుకోడానికి లేదు. అదే నెలలో నాగపూర్ దగ్గర గోరెవాడ వన్యప్రాణుల కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత చనిపోతే పరీక్షల్లో అదే వైరస్ తేలింది. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో కనిపించింది. ఆ ఫిబ్రవరిలోనే మన రాష్ట్రంలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో ఎంత నష్టం జరిగిందో పేపర్లలో చూసే ఉంటారు. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప ఈ వైరస్‌తో చనిపోయింది. అంతకుముందు పచ్చి చికెన్ ముక్క తిన్నదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. పిల్లి జాతికి ఈ వైరస్ సోకితే బతకడం కష్టం. గడ్డకట్టిస్తే అది చావదు. ఫ్రీజ్ డ్రైయింగ్‌ని నమ్ముకోడానికి లేదని టీకా సీసా చెప్పింది కదా. బాగా ఉడికిస్తే మాత్రం చస్తుంది. వేడి లోపలిదాకా 74 డిగ్రీలు తగలాలి అంటారు. మన భాషలో చెప్పాలంటే నీళ్ళు తెర్లి, ముక్క లోపల గులాబీ రంగు పోయేదాకా.

ఇప్పుడు పోషకాల సంగతి. ఉడికిస్తే అన్నీ పోతాయనేది సగం నిజం. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే అందాలి. చాలకపోతే చూపు పోతుంది, గుండె కండరం పలచబడి సాగిపోతుంది. ఆ గుండె జబ్బుకి టారిన్ లోపం కారణమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 1987లో తేల్చాక కంపెనీలన్నీ పిల్లి తిండిలో టారిన్ పెంచాయి. టారిన్ నీళ్ళలో కరుగుతుంది. మాంసం ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే దానితోపాటు పోతుంది. పారబొయ్యకుండా ఆ నీళ్ళతో సహా పెడితే చాలావరకు పిల్లి కడుపులోకే వెళ్తుంది. బీ1 విటమిన్ మాత్రం వేడికి కొంత పోతుంది. మీరు దీన్ని అసలు తిండిగా కాకుండా పైన చల్లే రుచిగా వాడినప్పుడు ఆ కాస్త పోయినా లోటు లేదు, డ్రై ఫుడ్‌లో అది ఉంటుంది.

ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాలు తమ్ముడితో చదివించండి. కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్ అని, పిల్లి వయసు కూడా రాసి ఉంటేనే అది పూర్తి తిండి. సప్లిమెంటల్ అనో, ఇంటర్‌మిటెంట్ అనో, ట్రీట్ అనో ఉంటే అది చిరుతిండి, దాని మీదే బతికించకూడదు. ఒకే కంపెనీ కుక్కలకీ పిల్లులకీ ఒకేలాంటి సంచుల్లో అమ్ముతుంది, బొమ్మ సరిగ్గా చూసుకోండి. కుక్క తిండి పిల్లికి చాలదు. చికెన్ అని ముందు పెద్దక్షరాలతో ఉన్నా వెనక బీఫ్ లివరో, పోర్కో ఉండే అవకాశం ఉంది. అవి గడప దాటి రాకూడదనే పట్టింపు మీ ఇంట్లో ఉంటే ముందే చూసుకోవడం మంచిది, తర్వాత ఎవరికీ బాధ ఉండదు. మాంసం సరుకు విదేశాలనుంచి రావాలంటే కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి కావాలన్న సంగతి కూడా తమ్ముడి చెవిన వెయ్యండి. సూట్‌కేసులో తేవడం అలవాటు చేసుకోవద్దు.

చిరుతిండి అన్న మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నరసన్నపేట వైపునుంచి ఒకసారి నాలుగు నెలల పిల్లి కూనని తెచ్చారు. మంచం మీంచి దూకితే వెనక కాలు విరిగింది. ఆ కాస్త ఎత్తునుంచి దూకితే పిల్లికి కాలు విరగడమేంటి? ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు కాగితంలా పలచగా ఉన్నాయి. ఏం పెడుతున్నారని అడిగితే ఆ ఇంటావిడ గర్వంగా "ఒట్టి బోన్‌లెస్ చికెన్ డాక్టరుగారూ, ఇంకేం పెట్టం" అంది. మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. శరీరం ఆ లోటు పూడ్చుకోడానికి ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది. ప్రేమతో పెట్టిన తిండే ఆ కాలు విరిచింది. తిండి మార్చాక కూన కోలుకుంది గానీ నడక కొంచెం వంకరగానే మిగిలింది. ఫ్రీజ్ డ్రైడ్ చికెన్ ముక్కలు కూడా అంతే. ఒట్టి బ్రెస్ట్ ముక్కలైతే అది ఖరీదైన బోన్‌లెస్ చికెన్, అంతకుమించి ఏమీ లేదు.

నీళ్ళ సంగతి మీ గండుపిల్లికి మరీ ముఖ్యం. పిల్లి పూర్వీకులు ఎడారి జీవులు, దాహం తక్కువ, తిండిలోంచే నీళ్ళు తీసుకునే అలవాటు. ఎలకలో మూడింట రెండొంతులకు పైగా నీళ్ళే. మీరు పెట్టే డ్రై ఫుడ్‌లో పదో వంతు కూడా ఉండవు, ఈ ఎండు మాంసంలో అంతకన్నా తక్కువ. గండుపిల్లులకి మూత్రనాళం సన్నం. నీళ్ళు చాలక మూత్రం చిక్కబడి, అందులో ఇసకలాంటిది తేలి అడ్డం పడితే ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మీ పిల్లి మాటిమాటికీ లిట్టర్‌లో కూచుని ముక్కుతూ, చుక్క కూడా రాక అరుస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించి మర్నాడు తెచ్చినవాళ్ళని చూశాను, అప్పటికి చేసేదేమీ మిగల్లేదు. కాబట్టి పొడిగా పెట్టాలా అన్నదానికి నా జవాబు, ఎప్పుడూ వద్దు.

ఇప్పుడు కొలతలు. నాలుగు కిలోల, ఆపరేషన్ అయిన, ఇంట్లోనే ఉండే పిల్లికి రోజుకి సుమారు 200 కిలో కేలరీలు చాలు. ఫ్రీజ్ డ్రైడ్ మాంసం ఒక్క గ్రాములో నాలుగు నుంచి ఐదు కిలో కేలరీలు ఉంటాయి. పూర్తిగా దానిమీదే పెంచాలంటే రోజుకి 45 గ్రాములు అవుతుంది. అంటే మీ 340 గ్రాముల ప్యాకెట్ వారం రోజులు. రెండు ప్యాకెట్లు పదిహేను రోజులు. ఆ తర్వాత? తమ్ముడు మళ్ళీ వచ్చేదాకా పిల్లి పస్తుండదు కదా, మళ్ళీ పాత తిండికి రావాలి. తిండి అటూ ఇటూ మారిస్తే కడుపు చెడుతుంది, కొన్ని పిల్లులైతే అలిగి తినడమే మానేస్తాయి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, అందులోనూ ఒళ్ళు చేసినదైతే, కొవ్వంతా కాలేయంలో పేరుకుపోయి పెద్ద జబ్బు చేస్తుంది. ఆకలేస్తే అదే తింటుందిలే అనే మాట కుక్క దగ్గర చెల్లొచ్చు, పిల్లి దగ్గర చెల్లదు.

చిరుతిండి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు. మీ పిల్లికి అది 20 కిలో కేలరీలు, అంటే నాలుగైదు గ్రాములు. వంటింటి త్రాసు ఉంటే తూచండి, ఇది తేలిక సరుకు కాబట్టి కంటికి తక్కువగా కనిపించి ఎక్కువ పడిపోతుంది. ఆ మేరకు డ్రై ఫుడ్ ఐదు గ్రాములు తగ్గించండి. పిల్లికి వేరుగా ఒక చిన్న గిన్నె, ఒక చెంచా పెట్టుకోండి. ముక్కలు చిదిపి, నాలుగైదు పెద్ద చెంచాల నీళ్ళు పోసి, నాననిచ్చి, మూతపెట్టి సన్నటి సెగ మీద తెర్లనివ్వండి. తెర్లడం మొదలయ్యాక నాలుగైదు నిమిషాలు. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ఏదీ వెయ్యొద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడతాయి. చల్లారాక ఆ నీళ్ళతో సహా డ్రై ఫుడ్ మీద పొయ్యండి. అరగంటలో తినకపోతే తీసి పారెయ్యండి. మే నెలలో అయితే ఆ అరగంట కూడా ఎక్కువే. గిన్నె మీ సింకులో బియ్యం కడిగే గిన్నెల పక్కన కాకుండా పెరట్లో కడగండి. ప్యాకెట్ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఈ పని వదిన చెయ్యకూడదు. మొదటి వారం ఒక్క గ్రాముతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

మన ఊళ్ళో దొరికే చికెన్ ఉండగా ఇదెందుకు అనిపిస్తుందా? నిజం చెప్పాలంటే, చికెన్ సెంటర్లో రెండు కోడి గుండెకాయలు ఇప్పించుకుని ఉప్పు లేకుండా ఉడికించి పెడితే మీ పిల్లికి అంతే ఆనందం. గుండెకాయలో టారిన్ కూడా బాగా ఉంటుంది. కార్జం మాత్రం వారానికి ఒకసారి చిన్న ముక్క చాలు. రోజూ పెడితే ఏ విటమిన్ ఎక్కువై మెడ ఎముకలు అతుక్కుపోతాయి. కళింగపట్నం వైపునుంచి చవగ్గా చేపలొస్తాయి కాబట్టి పచ్చి చేప పెడదామనుకుంటారేమో, అదీ ఉడికించే పెట్టండి. కొన్ని పచ్చి చేపల్లో బీ1 విటమిన్‌ని విరిచేసే పదార్థం ఉంటుంది. అది రోజూ తిన్న పిల్లి తల కిందికి వాలిపోయి, తూలుతూ నడుస్తుంది. ఎండు నెత్తళ్ళు ఇచ్చి, ఇదీ ఎండు మాంసమే కదా అనుకోవద్దు. వాటిలో ఉప్పు ఎక్కువ ఉండొచ్చు, అంత ఉప్పు పిల్లికి మంచిది కాదు. ఇంకొందరు చికెన్ ముక్కలు డాబా మీద ఎండబెట్టి "మేమే ఫ్రీజ్ డ్రై చేశాం" అంటున్నారు. ఎండలో మెల్లగా ఎండేలోపు క్రిములు పదింతలవుతాయి, ఈగలు వాటి వంతు అవి చేస్తాయి. గాలి లాగేసే యంత్రం లేకుండా ఆ పని ఇంట్లో కాదు.

ఈ తిండిని పూర్తిగా తీసిపారెయ్యడం లేదు. ఒక సుగుణం ఉంది, అది మన తుఫాన్ల జిల్లాల్లో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఫ్రిజ్‌లో పిల్లుల కోసం పొట్లాలు కట్టిపెట్టిన చికెన్ ఉంది. కరెంటు పోయి రోజులు గడిచాయి. రెండో రోజు వాసన చూసి పర్వాలేదనుకుని ఉడికించకుండానే పెట్టాను. మూడు పిల్లులకీ విరేచనాలు. ఊళ్ళో చెట్లన్నీ రోడ్ల మీద పడున్నాయి, డాక్టరుని నేనే, మందు కొనడానికి దుకాణం లేదు. 2018లో తిత్లీకి పలాస, ఉద్దానం వైపు పిల్లులూ, మనుషులూ ఇంకా ఎక్కువ పడ్డారు. ఫ్రిజ్ అవసరం లేని తిండి ఇంట్లో ఉండటం ఎంత ధైర్యమో అప్పుడు తెలుస్తుంది. జబ్బు పడి మొహం తిప్పుకునే పిల్లికి, మాత్ర దాచి పెట్టడానికి కూడా ఇది పనికొస్తుంది.

అయితే ఈ సరుకుకి శత్రువు కరెంటు కోత కాదు, గాలిలో తేమ. ఎముకలా ఎండిన వస్తువు కాబట్టి తేమని దూదిలా పీల్చుకుంటుంది. వర్షాకాలంలో అప్పడం డబ్బా మూత ఒక రాత్రి తెరిచి ఉంచితే ఏమవుతుందో మీకు తెలుసు. మెత్తబడిందంటే నిద్రలో ఉన్న క్రిములకి మళ్ళీ తెల్లారినట్టే, బూజు కూడా పడుతుంది. డల్లాస్ వంటింట్లో తెరిచిన సంచి ఎన్నాళ్ళు ఉంటుందని రాశారో ఆ లెక్క నాగావళి ఒడ్డున చెల్లదు.

మీరు తెరిచి మూడు వారాలైన ప్యాకెట్ విషయం అందుకే విడిగా చూడాలి. ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలపండి. కరకరలాడి పొడి అయితే, వాసన మారకపోతే, గాలి చొరని స్టీలు డబ్బాలోకి మార్చి, సంచిలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఉంటే అందులోనే వేసి, రెండు వారాల్లో అయినంత ఉడికించి వాడి, మిగిలింది పారెయ్యండి. రబ్బరులా సాగినా, నూనె మురిగిన వాసన వచ్చినా, తెల్లగానో పచ్చగానో నూగు కనిపించినా మూట కట్టి పారెయ్యండి, వీధి కుక్కలకి వెయ్యొద్దు. సంచి మాత్రం దాచండి. దాని మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, పిల్లికి ఏదైనా అయితే డాక్టరు అడిగే మొదటి వస్తువు అదే. వాంతులు, నెత్తురు విరేచనాలు, జ్వరం, ఒక రోజు మొత్తం తిండి ముట్టకపోవడం, వీటిలో ఏది కనిపించినా శ్రీకాకుళంలో పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అక్కడ కుదరకపోతే గరివిడి పశువైద్య కళాశాల ఉంది, ఆమదాలవలసలో రైలెక్కితే చీపురుపల్లి తర్వాతి స్టేషనే.

రెండో ప్యాకెట్ సీలు తియ్యకండి. మీద ఉన్న తేదీ చూసి, అది దాటకపోతే అలాగే బీరువాలో పైఅరలో పెట్టెయ్యండి. అక్టోబరులో తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలతోపాటు దాన్ని కూడా కిందికి దించుకోవచ్చు. అప్పుడు కూడా గ్యాస్ పొయ్యి ఉంటుంది, ఉడికించే పెట్టండి.